సెకండ్ హ్యాండ్ చిన్న ఫోర్ బై ఫోర్: కొనేవారూ అమ్మేవారూ తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగగల) బండ్లన్నీ ఒకటేనా?

కాదు. పైనుంచి చూస్తే అన్నీ ఎత్తుగా, బొద్దుగా ఒకేలా ఉంటాయి. తేడా అంతా కిందే.

సుజుకీ జిమ్నీది ఒక రకం. నిచ్చెన లాంటి ఛాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం), దాని మీద బోల్టులతో కూర్చోబెట్టిన బాడీ, ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి దూలం), లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు) ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె). మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, అవసరమైనప్పుడు మనమే ముందు చక్రాలను కలుపుకోవాలి. దీన్నే పార్ట్ టైం అంటారు. 1977లో వచ్చిన లాడా నివాది మరో దారి. దానికి విడి ఛాసిస్ లేదు, నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి, ముందు వెనక యాక్సిళ్ల మధ్యలో లాక్ చేసుకోగల డిఫరెన్షియల్ (రెండు వైపులూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉంటుంది, లో రేంజ్ కూడా ఉంది. 1994లో వచ్చిన టొయోటా రావ్4తో మూడో రకం జనంలోకి బాగా వెళ్లింది. దానిది మామూలు కారు లాంటి ఒళ్లు, విడి ఛాసిస్ లేదు, లో రేంజ్ లేదు. ఆ కోవలో తర్వాత వచ్చిన చాలా బండ్లలో ముందు చక్రాలు జారినప్పుడు మాత్రమే వెనకవి అందుకుంటాయి.

ప్రకటనలో మూడింటికీ ‘ఫోర్ బై ఫోర్’ అనే రాస్తారు. మీరు చూడబోయేది ఏ రకమో ముందే తెలుసుకోండి, ఎందుకంటే పరీక్షలు వేరు, చెడిపోయే భాగాలూ వేరు.

నాకు లో రేంజ్ నిజంగా కావాలా?

వాన పడ్డ మట్టి రోడ్డు, కాస్త మంచు, గడ్డి మీద పార్కింగు, ఇంతవరకే అయితే అక్కర్లేదు. రాళ్లూ, నిట్టనిలువు ఎత్తుపల్లాలూ, బురదలో బరువు లాగడం ఉంటే కావాలి. లో రేంజ్ వేస్తే చక్రం దగ్గర బలం సుమారు రెండింతలవుతుంది, వేగం సగమవుతుంది. దిగుడులో బ్రేకు తొక్కకుండా ఇంజను పట్టు మీదే బండి మెల్లగా దిగుతుంది. క్లచ్ కూడా కాలిపోకుండా నిలుస్తుంది.

దీనికి మూల్యం రోజువారీ ప్రయాణంలో కట్టాలి. జిమ్నీ మూడు తలుపుల బండికి వీల్‌బేస్ 2,250 మిల్లీమీటర్లు. ఇరుకు దారుల్లో అది వరమే, పెద్ద రోడ్డు మీద పక్కగాలికి మాత్రం బండి ఊగుతుంది. వెనక సీటు వేస్తే సామాను చోటు దాదాపు ఉండదు. ఇవి బండి లోపాలు కావు, స్వభావం. ఆ సంగతి కొన్నాక తెలుసుకున్నవాళ్లే ఆరు నెలల్లో మళ్లీ అమ్మకానికి పెడతారు. అలాంటి బండి దొరికితే మీ అదృష్టం.

ఎన్ని కిలోమీటర్ల వరకు తిరిగిన బండి తీసుకోవచ్చు?

ఈ బండ్ల విషయంలో ఆ అంకె సగం కథే చెబుతుంది. రోడ్డు మీద లక్షన్నర తిరిగి, వేళకు ఆయిల్ మారిన బండి, నలభై వేలే తిరిగి వాగుల్లో మునిగిన బండి కన్నా మేలు. తిరిగిన దూరం కన్నా తిరిగిన చోటు ముఖ్యం. అది మీటర్లో కనబడదు, బండి కింద కనబడుతుంది.

ఇంకో మెలిక ఉంది. పెద్ద టైర్లు వేసిన బండిలో మీటరు తక్కువ చూపిస్తుంది. 195/80 ఆర్15 టైరు ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు, 235/75 ఆర్15 ఎత్తు 733. అంటే దాదాపు ఆరు శాతం తేడా. మీటరును సరిచేయించకపోతే, పెద్ద టైర్ల మీద 80,000 చూపించిన బండి నిజానికి 84,700 దాకా తిరిగి ఉంటుంది. స్పీడు కూడా అంతే, ముల్లు 100 దగ్గర ఉంటే బండి 105 దాటి పోతుంటుంది.

చూడ్డానికి వెళ్లే ముందు ఏం చెప్పాలి, ఏం తీసుకెళ్లాలి?

‘నేను వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయకండి’ అని చెప్పండి. వేడి ఇంజను చాలా రోగాలు దాస్తుంది. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెప్పినా వేడిగా ఉంటే ఎందుకో అడగండి.

టార్చి, పాత దుప్పటి (కింద పడుకోవడానికి), స్క్రూడ్రైవరు, టేపు, అయస్కాంతం, జాకీ, చక్రాలకు అడ్డు పెట్టే చెక్కలు ఉంటే చాలు. వానలో, చీకట్లో బండి చూడొద్దు. తడి పెయింటు మీద అన్ని సొట్టలూ మాయమవుతాయి.

తుప్పు ఎక్కడ చూడాలి?

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. ఇంజను మార్చవచ్చు, గేర్ బాక్సు మార్చవచ్చు, ఛాసిస్ పోతే బండే పోయినట్టు.

వెనక చక్రాల దగ్గర ఛాసిస్ పైకి వంగే చోట మొదలుపెట్టండి. చక్రం విసిరిన మట్టి అక్కడ పేరుకుని తడి పట్టి ఉంచుతుంది. తర్వాత స్ప్రింగులూ ట్రెయిలింగ్ ఆర్ములూ (యాక్సిల్‌ను ఛాసిస్‌కు పట్టే పొడవాటి కడ్డీలు) అతికిన బ్రాకెట్లు, బాడీని ఛాసిస్‌కు పట్టే మౌంట్లు, వెనక బంపరు లోపలి అడ్డకమ్మీ. ఛాసిస్ పెట్టె ఆకారంలో ఉంటే లోపలి నుంచి కుళ్లుతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవరు పిడితో వరుసగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. కుళ్లినది మొద్దుగా పలుకుతుంది, పొరలు రాలతాయి.

బాడీలో అయితే తలుపుల కింది సిల్లులు, కార్పెట్ కింద డ్రైవరు కాళ్ల దగ్గర నేల, ముందు అద్దం ఫ్రేము కింది మూలలు, వెనక చక్రాల పైకమానులు. పుట్టీ పూసిన చోట అయస్కాంతం అంటుకోదు.

పైపై ఎర్ర తుప్పు భయపడాల్సినది కాదు. వైరు బ్రష్షుతో గీకితే పోతుంది. అసలు అనుమానించాల్సింది నిన్ననో మొన్ననో పూసిన నల్లటి అండర్‌కోటింగును. అది ఏం దాచిందో తెలియదు. కింద నల్లగా నిగనిగలాడే బండి కన్నా, తుప్పు ఎక్కడుందో బయటికి చెప్పే బండే నయం.

ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా పనిచేస్తోందని ఎలా తేల్చుకోవాలి?

డాష్‌బోర్డు మీద దీపం వెలిగితే పనిచేస్తున్నట్టు కాదు. ఆ దీపం చాలా బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు సంగతే చెబుతుంది. చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుకు కలిపే హబ్బు పట్టుకుందో లేదో చెప్పదు.

పార్ట్ టైం బండికి ఒక చిన్న పరీక్ష ఉంది. చదునైన నేల మీద వెనక చక్రాలకు రెండువైపులా చెక్కలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. ఒక ముందు చక్రాన్ని జాకీతో నేల నుంచి కొద్దిగా లేపండి. బండి కిందికి మాత్రం దూరకండి, పక్క నుంచే చూడండి. 2హెచ్‌లో (వెనక చక్రాలే లాగే మామూలు స్థితి) ఆ చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. ఇప్పుడు 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే స్థితి) వేయండి. హబ్బులు వ్యాక్యూమ్‌తో పనిచేసేవైతే ఇంజను నడుస్తుండగా గేరు న్యూట్రల్‌లోనే ఉంచి వేసి, దీపం నిలకడగా వెలిగాక ఇంజను ఆపండి. చేత్తో పట్టేవైతే రెండు హబ్బులనూ లాక్ చేయండి. ఇప్పుడు చక్రం కదలకూడదు.

తిరిగితే? లోపలివైపు యాక్సిల్ షాఫ్టును గమనించండి. చక్రం తిరుగుతుంటే షాఫ్టు కదలకపోతే ఈ పక్క హబ్బు పట్టుకోవడం లేదు. షాఫ్టు కూడా చక్రంతో తిరిగితే ఈ పక్క బాగానే ఉంది, చాలాసార్లు తప్పు అవతలి హబ్బుది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫర్ కేసుది. ఒక్క హబ్బు పట్టకపోతే ముందు రెండు చక్రాలూ దండగే. ముందు యాక్సిల్ మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ బలాన్నంతా వదులుగా తిరిగే పక్కకే పంపేస్తుంది. బండి బురదలో దిగబడినప్పుడు గానీ ఇది బయటపడదు, అందుకే అమ్మేవాళ్లకే తెలియని సందర్భాలు ఎక్కువ.

షాఫ్టు కనబడకుండా కప్పేసిన బండిలో రెండో చక్రాన్ని కూడా లేపి చూసి, ఆ తర్వాత మెకానిక్కుకు అప్పగించండి.

హబ్బులు ఎందుకు చెడతాయి?

1998–2018 జిమ్నీల్లో చాలావాటికి వ్యాక్యూమ్ హబ్బులే. ఇంజను గాలిని పీల్చే లాగుడును (వ్యాక్యూమ్) రబ్బరు గొట్టాల ద్వారా హబ్బుదాకా తీసుకెళ్లి దాన్ని కలుపుతారు. ఆ గొట్టాలు ఎండిపోయి పగులుతాయి, సోలెనాయిడ్ వాల్వులు (కరెంటుతో తెరుచుకునే మూతలు) తుప్పు పడతాయి, చక్రం దగ్గరి సీలు అరిగి గాలి కారుతుంది. 4డబ్ల్యూడీ దీపం నిలకడగా వెలగక మిణుకుతూ ఉంటే ముందు ఈ గొట్టాలనే చూడాలి. చాలాసార్లు నాలుగు ముక్కల రబ్బరు గొట్టంతో పోయే జబ్బు ఇది. దీన్ని చూపించి ‘ట్రాన్స్‌ఫర్ కేసు పోయింది’ అని బేరమాడే కొనుగోలుదారుడూ ఉంటాడు, అమ్మేవారు జాగ్రత్త.

చేత్తో తిప్పే హబ్బులు మొరటువి, మన్నిక ఎక్కువ. నెలల తరబడి ఎవరూ తిప్పకపోతే గ్రీజు గట్టిపడి బిగుసుకుంటాయి, అంతే.

60–80 వేగంలో స్టీరింగ్ విపరీతంగా వణుకుతోంది. కొనవచ్చా?

సాలిడ్ యాక్సిల్ బండ్ల పేరుమోసిన జబ్బు ఇది. ఒక గుంతలో పడగానే మొదలై, వేగం బాగా తగ్గించేదాకా ఆగదు. టైరు బ్యాలెన్సు ఒక్కటే కారణమైతే అదృష్టమే. తరచూ రెండు మూడు కారణాలు కలిసి ఉంటాయి. కింగ్‌పిన్ (ముందు చక్రం మలుపు తిరిగే ఇరుసు) బేరింగులు, చక్రం బేరింగులు, టై రాడ్ (స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీ) ఎండ్లు, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బుష్షులు, ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్షులు.

ముందు చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట కనిపిస్తే ఇంకొకర్ని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే చక్రం బేరింగు. బ్రేకు తొక్కినా ఉంటే కింగ్‌పిన్. తర్వాత ఎడమ కుడి పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి తెలుస్తుంది. బండిని నేల మీద ఉంచి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే, పాన్‌హార్డ్ రాడ్ చివర బుష్షు పిండినట్టు కదులుతోందా చూడండి.

బండికి కొత్త స్టీరింగ్ డ్యాంపరు ఒక్కటే మెరుస్తూ కనిపిస్తే ఆగండి. డ్యాంపరు వణుకును మాన్పదు, కొన్నాళ్లు నొక్కి పెడుతుంది.

ముందు చక్రం వెనక గుండ్రటి గోళం మీద పలచటి గ్రీజు పొర ఉండటం మామూలే. నల్లగా, నీళ్లలా కారుతుంటే లోపలి ఆయిల్ సీలు పోయి, యాక్సిల్ ఆయిలు గ్రీజుతో కలిసి బయటికొస్తున్నట్టు. సీలు చవకే, దాన్ని చేరడానికి ఊడదీయాల్సిన పనే పెద్దది. కింగ్‌పిన్ బేరింగులూ మార్చాలంటే రెండూ ఒకే విడతలో చేయించుకోవాలి.

ఆయిలు చూస్తే ఏం తెలుస్తుంది?

ఇంజనుది కాక ఇంకో నాలుగు చోట్ల ఆయిలు ఉంటుంది. గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్. కొన్ని బండ్లలో మొదటి రెండూ కలిసే ఉంటాయి. అమ్మేవారు ఒప్పుకుంటే నింపే బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. రోడ్డు మీద వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా చల్లటి వాగులో దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది. గాలి తీసుకునే బ్రీదరు మట్టితో మూసుకుపోయి ఉంటే సీలు గుండా నీటినే పీల్చుకుంటుంది. ఆయిలు మారిస్తే సరిపోతుందా అంటే, ఎన్నాళ్ల నుంచి అలా ఉందన్నదాన్ని బట్టి. బేరింగులు తుప్పు పట్టి ఉంటే నడిపినప్పుడు రొద చేస్తాయి.

డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలు అరుగుదలే. రేకు ముక్కలు, పళ్ల పెచ్చులు ఉంటే వెనుదిరగండి.

బండి నీళ్లలో మునిగిందా?

సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఒక గీత గీసినట్టు మట్టి చార ఉంటే నీళ్లు ఆ ఎత్తుదాకా వచ్చాయి. సీటు పట్టాల బోల్టులు, కార్పెట్ కింది స్పాంజి, హెడ్‌లైట్ల లోపల ఎండిన బురద, ఆల్టర్నేటరు సందులు కూడా చూడండి. పైన స్నార్కెల్ గొట్టం (ఇంజనుకు పైనుంచి గాలి అందించేది) ఉందంటే ఆ బండి నీళ్లు దాటిందనీ కాదు, దాటినా దెబ్బ తినలేదనీ కాదు. కొన్ని బండ్లకు అది అలంకారమే.

లిఫ్ట్ చేసిన బండి తీసుకోవచ్చా?

చేసినవాడి పనితనాన్ని బట్టి. 50 మిల్లీమీటర్లు ఎత్తితే చాలు, ఎన్నో లెక్కలు మారతాయి. పాన్‌హార్డ్ రాడ్ యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. ముందు యాక్సిల్ క్యాస్టర్ కోణం (చక్రం మలుపు తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి, స్టీరింగు తిప్పాక తనంతట తాను నిటారుకు రాదు, బండి రోడ్డు మీద తేలినట్టు పోతుంది. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి. బలాన్ని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి, దాని చివర్ల కీళ్లయిన యూనివర్సల్ జాయింట్లు తొందరగా అరుగుతాయి. స్ప్రింగులు మార్చినవాళ్లు వీటిని కూడా సరిచేశారా, రసీదులు ఉన్నాయా అడగండి. ‘స్ప్రింగుల కింద ముక్కలు పెట్టించాను’ అనే జవాబు వస్తే ధర కాదు, బండే మార్చుకోండి.

మార్పులు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు కావాల్సిన చోట్ల నమోదయ్యాయా, బీమా సంస్థకు చెప్పారా అన్నది కూడా చూసుకోవాలి. చెప్పకుండా చేసిన మార్పును ప్రమాదం తర్వాతే బీమావాళ్లు గుర్తిస్తారు.

ఇంజను సంగతి?

మిగతా కార్లకు చూసినట్టే. చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి చూడాలి, వేడి మీద ఎప్పుడూ వద్దు. స్టార్ట్ చేయగానే నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది, ఆగని తెల్ల పొగా తియ్యటి వాసనా ఉంటే కూలెంటు కాలుతోంది. ఈ బండ్లకు ప్రత్యేకంగా రేడియేటరు రేకుల మధ్య ఎండిన బురద చూడండి. రోడ్డు మీద ఉష్ణోగ్రత బాగానే ఉండి, లో రేంజ్‌లో పది నిమిషాలు ఎక్కగానే ముల్లు పైకి పోతే కారణం తరచూ అదే. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనైతే మార్చిన రసీదు లేనిదే మార్చనట్టే లెక్క.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి?

రోడ్డు మీద 2హెచ్‌లో మొదలుపెట్టండి. యాక్సిలరేటరు తొక్కినప్పుడూ వదిలినప్పుడూ కింద ‘టక్’ మంటే యూనివర్సల్ జాయింట్లో, ట్రాన్స్‌ఫర్ కేసు మౌంట్లో, డిఫరెన్షియల్ పళ్ల మధ్య సందో. వేగంతో పాటు పెరిగే వణుకు షాఫ్టుది. మూడో గేరులో మెల్లగా పోతూ ఒక్కసారి పూర్తిగా తొక్కితే ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగింది. కొండలెక్కిన బండ్లలో ఇది తొందరగానే వస్తుంది.

తర్వాత కంకర లేదా మట్టి నేలకు వెళ్లండి. పార్ట్ టైం బండిని పొడి తారు మీద 4హెచ్‌లో తిప్పకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి. ముందు వెనక యాక్సిళ్ల మధ్యలో డిఫరెన్షియల్ లేనందువల్ల ఆ తేడా షాఫ్టుల్లో మెలికలా బిగుస్తుంది. లివరు బయటికి రాకపోతే కొన్ని మీటర్లు తిన్నగా వెనక్కి పోనిస్తే వదులవుతుంది. మట్టి మీద చక్రాలు జారతాయి కాబట్టి ఆ బాధ లేదు.

4ఎల్‌లో (నాలుగు చక్రాలూ, లో రేంజ్) మొదటి గేరు వేసి నడిపి, యాక్సిలరేటరు ఒక్కసారి వదిలి మళ్లీ తొక్కండి. లివరు తనంతట తాను న్యూట్రల్‌కు దూకితే లోపలి స్ప్రింగులో, గేరు పళ్లో, కనీసం మౌంట్లో అరిగాయి. ఏదైనా సరే, మెకానిక్కు చూడకుండా డబ్బు కట్టొద్దు.

ఆటోమేటిక్ ఆల్ వీల్ డ్రైవ్ బండికి పరీక్ష ఏమిటి?

దానికి టైర్లే సాక్ష్యం. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందూ వెనకా రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే చక్రాల చుట్టుకొలత వేరై, వెనక యాక్సిల్ దగ్గర వెనక చక్రాలకు బలం కలిపే కప్లింగు రోజంతా ఆ తేడాను సర్దుతూ వేడెక్కుతుంది. ఇంటికి చేరే మెల్లటి మలుపులో వెనక నుంచి గురగుర, కుదుపు వస్తుంటే ఆ కప్లింగుకు ఆయిలు మారిస్తే చాలో, కప్లింగే మార్చాలో మెకానిక్కు చెప్పాలి. తాళం తిప్పగానే ఏబీఎస్, 4డబ్ల్యూడీ దీపాలు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారేమో.

టైరు పక్కన డాట్ గుర్తు చివర నాలుగంకెలు తయారీ వారం, సంవత్సరం. 2319 అంటే 2019 లో 23వ వారం.

యాక్సిడెంట్ అయిన బండిని పసిగట్టడం?

ముందు చక్రాలు తిన్నగా పెట్టి, ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్యదాకా టేపు పట్టండి. రెండు పక్కలా కొలత ఒకటే రావాలి. ఒక సెంటీమీటరు తేడా ఉంటే యాక్సిల్ జరిగిందో ఛాసిస్ వంగిందో తేలాలి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట కొత్త వెల్డింగు, కొత్త రంగు ఉంటే అంకెలు పత్రాలతో సరిపోయినా ఆలోచించండి. బండి మీద అప్పు తీరిందా, బాకీ లేదన్న కాగితం ఉందా, యజమాని పేరూ అమ్మే మనిషీ ఒకరేనా, ఇవి చూశాకే ధర మాట.

బేరం ఎక్కడ మొదలుపెట్టాలి?

చూసిన లోపాలన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదానికి వర్క్‌షాపులో అయ్యే ఖర్చు అడిగి, ఆ మొత్తంతో కూర్చోండి. ‘చివరి మాట చెప్పండి’ అంటే ఎవరూ తగ్గరు. ‘కింగ్‌పిన్ బేరింగులు రెండు పక్కలా, నాలుగు చోట్ల ఆయిలు, రెండు టైర్లు’ అంటే తగ్గుతారు. పైన కట్టిన లైట్లకూ రాక్‌కూ విడిగా ధర ఇవ్వక్కర్లేదు.

కొన్నాక మొదట ఏం చేయాలి?

ఐదు చోట్ల ఆయిలూ మార్చండి. గ్రేడు బండి మాన్యువల్లో ఉన్నదే వాడాలి. డిఫరెన్షియళ్లకు మామూలుగా జీఎల్-5 (గేరు ఆయిలు రకం) ఉంటుంది, గేర్ బాక్సుకు చాలావాటిలో జీఎల్-4. ‘అన్నిటికీ ఒకటే పోస్తాం’ అంటే ఒప్పుకోవద్దు, జీఎల్-5 లోని కొన్ని మిశ్రమాలు గేర్ బాక్సులో గేర్లు సాఫీగా కలవడానికి ఉండే ఇత్తడి సింక్రోనైజరు రింగులకు పడవు. బ్రీదర్లు శుభ్రం చేయించండి. ఫోర్ బై ఫోర్ అవసరం లేకపోయినా నెలకోసారి మట్టి నేల మీద కలిపి కాసేపు నడపండి, లోపల సీళ్లకు నూనె అందుతుంది.

అమ్మేముందు రిపేర్లు చేయించాలా?

చిన్నవి చేయించండి. వెలగని దీపం, అరిగిన వైపరు, మూసుకోని తలుపు చూసి కొనేవాడు ‘ఇవే చూసుకోనివాడు ఆయిలేం మార్చి ఉంటాడు’ అనుకుంటాడు. హబ్బు గొట్టాలు మార్చడం కూడా లాభమే. పెద్ద పని, అంటే గేర్ బాక్సు, పూర్తి పెయింటు, పెట్టిన డబ్బు తిరిగి రాదు. దాన్ని చెప్పి, ధరలో తగ్గించడం మేలు.

బండి కడిగించండి. కింద మాత్రం నల్ల రంగు కొట్టించొద్దు. తెలిసినవాడు దాన్ని చూసే వెళ్లిపోతాడు.

మార్చిన భాగాలు తీసేసి అమ్మాలా?

కంపెనీ స్ప్రింగులూ చక్రాలూ అటకమీద ఉంటే వాటిని తిరిగి బిగించి, పెద్ద టైర్లూ వించీ (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం) విడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది. స్టాక్ బండిని అందరూ కొంటారు, లిఫ్ట్ బండిని ఆ పిచ్చి ఉన్నవాళ్లే. లేకపోతే పాత భాగాలను బండితో పాటే ఇస్తామని ప్రకటనలో రాయండి.

ప్రకటనలో ఏం రాయాలి?

సంవత్సరం, ఇంజను, గేర్ బాక్సు రకం, కిలోమీటర్లు, టైరు సైజు, ఫోర్ బై ఫోర్ ఎలా కలుస్తుంది, ఎప్పుడేం మార్చారు. ఆపైన లోపాలు. ఫొటోల్లో కనీసం నాలుగు కింది నుంచి తీసినవి ఉండాలి. ఛాసిస్ రెండు పక్కలా, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్. దూరం నుంచి వచ్చి చూసి వెనక్కి పోయేవాళ్లు దీంతో సగానికి తగ్గుతారు.

టెస్ట్ డ్రైవ్‌కూ డబ్బుకూ జాగ్రత్తలు?

లైసెన్సు చూడకుండా తాళం ఇవ్వొద్దు, పక్కన మీరే కూర్చోండి. పొడి రోడ్డు మీద ఫోర్ వేసి తిప్పబోతే ఆపండి, సిగ్గుపడక్కర్లేదు. డబ్బు పంపినట్టు చూపే స్క్రీన్ షాట్ డబ్బు కాదు. మీ ఖాతాలో చేరిందని మీ ఫోనులో మీరు చూసుకున్నాకే పత్రాలు చేతులు మారాలి. ధర కన్నా ఎక్కువ పంపి ‘మిగతాది తిరిగివ్వండి’ అనేవాళ్లతో మాట ఆపేయండి.

అప్పగించిన తేదీ, గంట, మీటరు అంకె రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఆ గంట తర్వాత ఆ బండి చేసే ప్రతి పనికీ కొన్నవారిదే బాధ్యత అని అందులో ఉండాలి. పేరు మార్పిడి దరఖాస్తును కొనేవారికే వదిలేయకుండా ఇద్దరూ కలిసి వేయండి. బీమా సంస్థకు అదే రోజు తెలియజేయండి. పాత యజమాని పేరు మీద చలానాలు రావడానికి కారణం ఎప్పుడూ ‘వారంలో మార్చుకుంటాను’ అన్న ఆ వారమే. రెండో తాళం, హబ్బుల మాన్యువల్, చక్రాల లాక్ నట్టు సాకెట్టు మర్చిపోకుండా ఇచ్చేయండి. ఆ సాకెట్టు లేక మొదటి పంక్చరుకే మీకు ఫోను వస్తుంది.